జూబిలీహిల్స్ ఇల్లు, డాలస్ ఇల్లు
(ఫిల్మ్‌నగర్‌లో స్త్రీల ఆస్తి హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి వస్తూ ఫిల్మ్‌నగర్ బస్తీ దగ్గర ఆటో దిగి, కొండమీది రోడ్డు గుండా నడుచుకుంటూ వచ్చాను. దారిలో ఒక పెద్ద ఇల్లు. యజమానులు అమెరికాలో ఉంటారట. వాచ్‌మన్ భార్య వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తోంది. ఆ ఆవరణలో ఏళ్ళ తరబడి కాపురం ఉంటున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. కాగితాల్లో ఆమె లేదు. అది మనకి తెలిసిందే. అయితే ఆ అమెరికా ఇల్లాలి పేరైనా కాగితాల్లో ఉందా? నేనివాళ మాట్లాడదలచుకున్నది దీని గురించే.

1989లో రామానాయుడు స్టూడియో వచ్చేనాటికి ఈ చుట్టుపక్కల చాలామేర బండరాళ్ళే. మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే విదేశీ డబ్బూ వచ్చింది. మామూలు విదేశీయుడు మన దేశంలో నివాసం ఉండకుండా ఇక్కడ ఇల్లు కొనలేడు. ప్రవాస భారతీయులకీ, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రం రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. ఇల్లయినా, దుకాణమైనా కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఓసీఐ కార్డు లేని విదేశీ భార్య భర్తతో కలిసి ఒకే ఒక్క ఆస్తి కొనవచ్చు. అదీ పెళ్ళి రిజిస్టరై, రెండేళ్ళు నిండి ఉంటేనే.

చదివితే ఈ నిబంధనల్లో ఎక్కడా ఆడా మగా తేడా కనిపించదు. తేడా అంతా డబ్బు వచ్చే దారిలో ఉంది. ఇంటి సొమ్ము విదేశాల నుంచి బ్యాంకు ద్వారా గానీ, ప్రవాసుల ఖాతా నుంచి గానీ రావాలి. ఆ ఖాతా ఎవరిది? హెచ్-4 వీసా మీద వెళ్ళిన మన అమ్మాయిలకు 2015 దాకా ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ ఏడాది మే నుంచి కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన వాళ్ళకే ఆ అవకాశం. ఇంజనీరింగు చదివిన పిల్ల పదేళ్ళు వండి, పిల్లల్ని పెంచి, మిగిల్చిన డబ్బుతో ఇక్కడ ఇల్లు లేస్తుంది. దస్తావేజు అతని పేరున, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మామగారి పేరున.

డాలస్‌లో కొన్న ఇల్లు సంగతి వేరు. టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో కాపురం చేస్తుండగా సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ, పేరు ఎవరిదైనా సరే. టెక్సాస్‌లో కాపురం ఉంటున్న ఇంటిని భార్య సంతకం లేకుండా భర్త అమ్మలేడు. అది స్వర్గమని నేననడం లేదు. ఇదే కాలిఫోర్నియా 1913లో ఆసియావాసులు భూమి కొనకుండా చట్టం చేసింది. పంజాబీ రైతులు ఇతరుల పేర్ల మీద పొలం పెట్టుకుని బతికారు. అయినా ఈ ఒక్క విషయంలో అక్కడి చట్టం ఇంటి చాకిరీని సంపాదనగా లెక్కగట్టింది. మన చట్టం ఇంకా లెక్కగట్టలేదు. విడాకులైతే భరణం అడగాలి. జూబిలీహిల్స్ ఇంట్లో వాటా అడిగే వీల్లేదు. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా సరే ఆ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కానీ ఉండడం వేరు, సొంతం కావడం వేరు.

ఇక పుట్టింటి సంగతి. మా పెద్దమ్మ కూతురు అమెరికా పౌరురాలు. పెదనాన్న పోయాక అన్న ఫోన్ చేసి, "నువ్వు పరాయిదేశం దానివైపోయావు కదే, పొలంలో నీకు వాటా రాదట. ఒక్క సంతకం పెట్టి పంపు" అన్నాడు. ఆ మాట అబద్ధం. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు పొలం కొనలేరు, అంతే. వారసత్వంగా వచ్చే పొలానికి అడ్డేమీ లేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది ఎన్టీ రామారావు ప్రభుత్వం. ఈ ఫిల్మ్‌నగర్‌లో ఆ మాట గుర్తు చేసుకోవడం సబబే. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి ఆ నాటికి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

మనలో చాలామంది బస్తీల్లో పని చేస్తున్నారు. ప్రవాసుల భార్యల గోడు మనకెందుకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ సంతకం అడిగే పద్ధతి ఇద్దరి దగ్గరా ఒకటే: ప్రేమగా, తొందరగా, చదవనివ్వకుండా. కాబట్టి మన సలహా కేంద్రాలకి విదేశాల నుంచి ఫోన్ వస్తే ముందు అడగాల్సినవి ఇవి. దస్తావేజు నకలు నీ దగ్గరుందా? పవర్ ఆఫ్ అటార్నీలో అమ్మే అధికారం రాశారా, చూసుకునే అధికారమేనా? ఇచ్చిన అధికారాన్ని మామూలుగా రద్దు చేసుకోవచ్చు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరైపోతే వెనక్కి తెచ్చుకోవాలంటే కోర్టుకే పోవాలి.

మా అక్క సంతకం పెట్టలేదు. ఆ సంక్రాంతికి పుట్టింటివాళ్ళు పిలవలేదు. మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి, పొలం పాస్‌బుక్కు జిరాక్సు తీయించుకుని వెళ్ళింది.