బడిలో తగిలిన గాయానికి బడిలోనే మందు

(మధిరలో తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

మన పిల్లలు బడిలో చేరుతున్నారా అన్న ప్రశ్నను మనం ఎన్నో ఏళ్లుగా అడుగుతూ వచ్చాము. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికలలో నలుగురికి ఒకరు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చి చెప్పింది. 2016 నుండి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు ప్రారంభమై, నేడు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ రోజు మేము మీ ముందు ఉంచదలచిన ప్రశ్న వేరు. చేరిన బిడ్డ ఆ బడిలో నిర్భయంగా కూర్చోగలుగుతున్నదా?

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో జరిగిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. ఒక ముస్లిం బాలుణ్ణి తోటి పిల్లల చేత చెంపదెబ్బలు కొట్టించారు. ఒక విద్యార్థిని అతని మతం కారణంగా శిక్షించే చోట నాణ్యమైన విద్య ఉండజాలదని ఆ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దెబ్బలు తిన్న బాలునికి మాత్రమే కాక, కొట్టిన పిల్లలకు కూడా కౌన్సెలింగ్ ఇవ్వాలని ఆదేశించింది. ఆ ఆదేశం అమలు కోసం న్యాయస్థానం పదేపదే అడగవలసి వచ్చిందన్నది కూడా నిజమే. అయినా అందులోని ఆలోచన గమనించదగినది. పెద్దలు చేతికిచ్చిన ద్వేషంతో కొట్టిన పసివాడు కూడా గాయపడినవాడే.

మన ఊళ్లలో ఇంతటి ఘోరం జరగకపోవచ్చు. కాని చిన్న గాయాలు ఉంటాయి. ఏడో తరగతిలో ఒక బాలుడు తోటి విద్యార్థిని 'పాకిస్తానీ' అన్నాడనుకుందాం. సాధారణంగా మూడు దారులలో ఏదో ఒకటి జరుగుతుంది. అన్నవాడిని నాలుగు దెబ్బలు వేస్తారు; వాడిలో పగ మిగులుతుంది. లేదా 'పిల్లలు కదా, పోనీ' అని సర్దిపుచ్చుతారు. తన బాధకు విలువ లేదని మన బిడ్డ నేర్చుకుంటాడు. లేదా మనమే బిడ్డను బడి మాన్పిస్తాము. తప్పు ఒకరిదైతే చదువు మరొకరిది పోతుంది. మొదటి దారి చట్టవిరుద్ధం కూడా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది.

నాలుగో దారి ఉన్నది. తెగిన సంబంధాన్ని చక్కదిద్దే పద్ధతి అది. న్యూజీలాండ్‌లో మావోరీ ప్రజల సంప్రదాయం ప్రేరణగా 1989లో బాలల చట్టంలో కుటుంబ సమావేశాలకు స్థానం కల్పించారు. మనకూ ఇది కొత్త కాదు. రచ్చబండ మీద పెద్దలు కూర్చొని రెండు కుటుంబాలను కలిపిన ఊళ్లు మనవి. 'సులహ్' అనే మాట తెలియని ముస్లిం ఇల్లు ఉండదు.

ఈ పద్ధతిలో ఉపాధ్యాయుడు ముందుగా ఇద్దరు పిల్లలతోనూ విడివిడిగా మాట్లాడాలి. బాధపడిన బిడ్డ ఇష్టపడితేనే తరువాతి అడుగు, బలవంతం పనికిరాదు. అటుపిమ్మట ఇద్దరినీ, వారి తల్లిదండ్రులనూ గుండ్రంగా కూర్చోబెట్టి ఒకరి తరువాత ఒకరిని అడగాలి. ఏమి జరిగింది? అప్పుడు నీ మనసులో ఏమున్నది? దానివల్ల ఎవరికి బాధ కలిగింది? దాన్ని సరిచేయడానికి నీవు ఏమి చేయగలవు? కుదిరిన ఒప్పందాన్ని కాగితం మీద రాసి, రెండు వారాల తరువాత అమలును చూడాలి. అవమానం పదిమందిలో జరిగితే, తప్పు ఒప్పుకోవడమూ ఆ పదిమంది ఎదుటే జరగాలి. ఉపాధ్యాయుడు అదే తరగతిలో షోయబుల్లా ఖాన్ గురించి చెప్పవచ్చు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు 1948లో రజాకార్ల చేతిలో ప్రాణాలు కోల్పోయిన పాత్రికేయుడు ఆయన. ఆ పాఠం విన్న తరగతిలో 'పాకిస్తానీ' అన్న మాటకు బలం ఉండదు.

ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. రాజీ పేరుతో నేరాన్ని కప్పిపుచ్చరాదు. లైంగిక వేధింపు జరిగితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఉపాధ్యాయుడే పిల్లవాణ్ణి కొట్టినా, మతం పేరుతో వేధించినా అది పైఅధికారులకు, బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవలసిన విషయం. బలవంతుడి ఎదుట బలహీనుణ్ణి కూర్చోబెట్టి చేతులు కలిపించడం న్యాయం కాదు.

మరి ఇదంతా ఎవరు చేయించాలి? విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం స్థానం. 2024లో తెలంగాణలో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో మహిళా సంఘాలకే ప్రధాన పాత్ర. కుర్చీ మనకు ఉన్నది, కూర్చోవడమే మిగిలింది. కూలికి పోయే తల్లికి పగటి సమావేశం కుదరకపోతే సాయంత్రం పెట్టమని అడగాలి. మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనంతో పాటు 'ఈ నెలలో ఏ బిడ్డ మనసైనా నొచ్చుకున్నదా' అన్నది కూడా చర్చకు రావాలి.

చివరగా మన ఇంటి మాట. ఉర్దూ రాదని దూదేకుల పిల్లలను చిన్నచూపు చూసే మాట మన ఇళ్లలో పుట్టకూడదు. భద్రాచలం ఏజెన్సీ నుండి వచ్చి హాస్టల్‌లో చదివే కోయ పిల్లవాణ్ణి గేలి చేసేవారిలో మన పిల్లవాడు ఉండకూడదు. మనం కోరే గౌరవాన్ని ఇతరులకు ఇచ్చినప్పుడే మన కోరికకు బలం వస్తుంది. దళిత, గిరిజన తల్లిదండ్రులతో కలిసి అడిగితే అది ఒక మతం ఫిర్యాదుగా మిగలదు, ఊరి నిర్ణయమవుతుంది.

మీ బడి కమిటీ తదుపరి సమావేశం ఎప్పుడో ప్రధానోపాధ్యాయుణ్ణి రేపే అడగండి. ఒంటరిగా వెళ్లవద్దు, పొరుగింటి తల్లిని వెంటబెట్టుకొని వెళ్లండి.