షుగర్ పుండు: షామీర్‌పేట జెల్, మన సాయం

(దాతల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో మేము చదువుల సాయం గురించి చెబుతుంటాం. బడిపంతుళ్లం కాబట్టి ఫీజులు, పుస్తకాలు, హాస్టల్ ఖర్చుల లెక్క మా చేతిలో ఉంటుంది. ఈసారి వైద్య సాయం అర్జీలు చదివే పని కూడా మాకు అప్పగించారు. ఆ కట్టలో ఒకే రకం అర్జీ మళ్లీ మళ్లీ కనిపించింది. ఇంటి పెద్దకు షుగర్, కాలికి పుండు, నెలలైనా మానలేదు, ఇప్పుడు వేలు తీయాలంటున్నారు, కొందరికి పాదమే తీయాలంటున్నారు. కొన్ని అర్జీలకు మందు చీటీ జతచేసి, అందులో రాసిన జెల్ ట్యూబులు ఇప్పిస్తే కాలు నిలబడుతుందని రాశారు. ఇప్పించాలా, వద్దా అని కమిటీలో గట్టి చర్చే జరిగింది. డబ్బు మీది. కాబట్టి ఆ జెల్ ఏమిటో, ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుని మీ ముందు పెట్టడం మా బాధ్యత అనుకున్నాం.

ఆ జెల్ పేరు రీజెన్-డి. తయారు చేసేది భారత్ బయోటెక్. కరోనా కాలంలో కోవాగ్జిన్ టీకాతో ఈ పేరు ఇంటింటికీ తెలిసింది. కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా దంపతులు 1996లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. షామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఉంది. జనగామ నుంచి 100 కిలోమీటర్లు కూడా ఉండదు. టీకాల కంపెనీకి పుండ్ల మందుతో పనేమిటని మొదట మాకూ అనిపించింది. సూక్ష్మజీవి కణంలో బయటి జన్యువును పెట్టి, మనకు కావలసిన ప్రొటీన్‌ను దానిచేత తయారు చేయించే విద్య ఒకటుంది. ఆ విద్య చేతికొస్తే హెపటైటిస్-బి టీకా చేయవచ్చు, పుండు మానడానికి తోడ్పడే ప్రొటీన్ కూడా చేయవచ్చు.

ఈ ప్రొటీన్‌ను ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. దీన్ని కనుగొన్నది స్టాన్లీ కోహెన్ అనే అమెరికా శాస్త్రవేత్త. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, 12-14 రోజులకు తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. ఆయన వెతికేది వేరే పదార్థం. అయినా ఈ వింతను వదల్లేదు. వెంటపడి, ఆ ప్రొటీన్‌ను వేరుచేసి, 1962లో ప్రచురించాడు. 1986లో రీటా లెవి-మాంటాల్చినితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన ఒంట్లోనూ ఆ ప్రొటీన్ ఉంది. 53 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. గాయం అంచున ఉన్న చర్మ కణాలకు, రెండుగా చీలి ముందుకు జరిగి ఖాళీని నింపమని కబురు అందిస్తుంది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు, కుక్క గాయాన్ని అందుకేనా సార్ నాక్కునేది అని అడుగుతారు. తెలివైన ప్రశ్నే. నోట్లో బోలెడు క్రిములు కూడా ఉంటాయని వెంటనే చెప్పాల్సి వస్తుంది.

షుగర్ ఉన్నవారి పాత పుండులో ఈ కబురు చేరవలసిన చోటికి చేరదు. పుండులో పేరుకుపోయిన ఎంజైములు ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసేస్తాయి. అందుకే బయటి నుంచి జెల్ రూపంలో ఇస్తారు. రీజెన్-డిలో 60 రకం కాలిన గాయాలకు, చర్మం అతికించినప్పటి గాయాలకు; 150 రకం షుగర్ పుండ్లకు. ఆ అంకె, ఒక గ్రాము జెల్‌లో ఎన్ని మైక్రోగ్రాముల ప్రొటీన్ ఉందో చెబుతుంది. షుగర్ పుండ్ల మీద మన దేశంలో జరిపిన మూడో దశ పరీక్ష ఫలితాలు 2006లో ఒక వైద్య పత్రికలో వచ్చాయి. చెన్నైకి చెందిన షుగర్ వైద్యులు విజయ్ విశ్వనాథన్ తదితరులు రాశారు. జెల్ వాడినవారి పుండ్లు వాడనివారి కంటే త్వరగా మానాయని అందులో ఉంది. సుమారు అదే కాలంలో క్యూబా దేశం కూడా ఇదే ప్రొటీన్‌తో హెబెర్‌ప్రాట్-పి అనే ఇంజెక్షన్ తయారు చేసుకుంది. అక్కడ దాన్ని ఊళ్లలోని పాలీక్లినిక్‌ల దాకా తీసుకెళ్లారు. అమెరికాలో మరో రకం గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌కు 1997లోనే అనుమతి వచ్చింది. అది అక్కడి వాళ్లకే భారమయ్యేంత ఖరీదు. మన పక్కనే, మన వాళ్లే ఇలాంటి మందు తయారు చేయడం చిన్న విషయం కాదని మా అభిప్రాయం.

మరి కట్టలోని అర్జీలన్నిటికీ ట్యూబులు ఇప్పించేద్దామా? ఇక్కడే ఆగాలి. షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటుంది. మామూలు చికిత్సకు తోడుగా గ్రోత్ ఫ్యాక్టర్ మందులు వాడవద్దని 2023 మార్గదర్శకాల్లో వాళ్లు సూచించారు. ఇప్పటిదాకా ఉన్న రుజువుల బలం చాలదన్నది వారి మాట. మామూలు చికిత్స అంటే చచ్చిన కండను తీసి శుభ్రం చేయడం, చీముకు సరైన మందు వేయడం, కాలికి రక్తం అందుతోందో లేదో చూడటం, షుగర్ అదుపులో పెట్టడం, పుండు మీద బరువు పడకుండా చేయడం. ఇవి జరగని పుండు మీద ఎంత మంచి జెల్ రాసినా, దున్నని చేనులో విత్తనం చల్లినట్టే.

బరువు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మనవాళ్లు దీన్నే అసలు పట్టించుకోరు. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు ఏళ్ల తరబడి వైద్యం చేశారు. కుష్ఠు వస్తే కండ దానంతట అదే కుళ్లిపోతుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. స్పర్శ పోయిన పాదం మీద ఒకేచోట రోజూ వేలసార్లు ఒత్తిడి పడటం వల్లే పుండ్లు పడుతున్నాయని ఆయన చూపించారు. మనకు నొప్పి పుడితే కుంటుతాం, పాదం మార్చి వేస్తాం. స్పర్శ లేనివాళ్లు అదే పుండు మీద అడుగేస్తూ పోతారు. పాదానికి అతికినట్టు పిండికట్టు వేసి ఒత్తిడిని పంచే పద్ధతిని, మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులను ఆయన, ఆయన సహచరులు ప్రచారంలోకి తెచ్చారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి అదే పాఠాన్ని షుగర్ పాదాలకు చెప్పారు. ఎక్కువ కాలం షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని పాదం మొద్దుబారుతుంది. మహబూబాబాద్ వైపు పత్తి కట్టె మోడు గుచ్చుకున్నా, భూపాలపల్లిలో తడిసిన బూటు ఒరుసుకున్నా, జనగామలో సెంట్రింగ్ మేకు దిగినా ఆ మనిషికి సాయంత్రం దాకా తెలియదు. నొప్పి లేదు కదా అని మరో వారం పనికి పోతాడు.

ఇక కట్టు సంగతి. గాలి తగలాలి, పక్కు కట్టాలి అన్నది మన ఇళ్లలో పాత నమ్మకం. పసుపు, కాఫీ పొడి, చివరికి బూడిద కూడా అద్దుతారు. జార్జ్ వింటర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1962లో పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేసి, కొన్నిటిపై పల్చటి ప్లాస్టిక్ పొర కప్పి చూశాడు. తేమగా ఉన్నవాటిపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. ఎండిన పక్కు కింద దారి తవ్వుకుంటూ పోవాల్సిన కణాలు, తేమలో సాఫీగా జారిపోతాయి. నేటి ఫోమ్ కట్లు, రొయ్య పొట్టు నుంచి వచ్చే కైటోసాన్ పట్టీలు, రీజెన్-డి లాంటి జెల్‌లు తేమ మేలు చేస్తుందన్న ఆ పాఠం మీదే నడుస్తున్నాయి. అందుకని కాలిని నీళ్లలో నానబెట్టమని అర్థం చేసుకోకండి. అది వేరే ప్రమాదం.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. షుగర్ ఉన్నవారిలో అయిదుగురిలో ఒకరికైనా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదం పుండు వస్తుందని నిపుణుల అంచనా. 2016లో పాత వరంగల్ జిల్లా విడిపోయాక మనకు మూడు జిల్లా కేంద్రాలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ప్రతిదానికీ వరంగల్ ఎంజీఎంకు పరుగెత్తే రోజులు కొంత తగ్గాలి. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. కానీ తండా నుంచో, మారుమూల ఊరి నుంచో కట్టు మార్పించుకోవడానికి రెండు నెలలు తిరగాలంటే ఆటో కిరాయి, తోడు వచ్చేవారి కూలి ఇంట్లోంచే పోతాయి. నాలుగోసారికి రావడం మానేస్తారు. కాలు పోయేది అక్కడ.

అందుకే కమిటీలో మా వాదన ఇది. ట్యూబు వద్దనడం లేదు. పుండు శుభ్రమై, రక్తం అందుతోందని డాక్టరు రాసిచ్చాక ట్యూబు అడిగితే ఇప్పిద్దాం. ఇలాంటి ప్రొటీన్ మందులను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి కాబట్టి, ఇంట్లో ఫ్రిజ్ లేనివారికి మన ఆఫీసు ఫ్రిజ్‌లో చోటిద్దాం. కానీ వైద్య నిధిలో పెద్ద వాటా అంతకంటే ముందే ఖర్చు కావాలి: కట్టు మార్పించుకునే రోజుల కిరాయికి, మెత్తటి చెప్పులకు, పిండికట్టుకు. స్పర్శ చూసే నైలాన్ దారం ఒకటి ఉంటుంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. పాదం మీద ఆనించి, తెలుస్తోందా అని అడిగితే చాలు. చాలా చవకైన వస్తువు. ఆరోగ్య కార్యకర్తకు చూపిస్తే కాసేపట్లో పట్టుకుంటారు. మన శిబిరాల్లో బీపీ మిషన్ పక్కన అది కూడా ఉండాలి.

మన ఇళ్లకు ఒక వసతి ఉంది. రోజుకు 5 పూటలా వుజూ చేసే మనిషి 5 సార్లు తన పాదాలు ముట్టుకుంటాడు. అలా ముట్టుకున్నప్పుడే వేళ్ల సందులు, మడమ, అరికాలు చూసుకోమని పెద్దవాళ్లకు చెప్పండి. చూపు ఆనకపోతే మనవడో మనవరాలో చూస్తారు. కడిగాక వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తి తుడవాలి. చలికాలంలో వేడినీళ్లు పోసుకునేముందు మోచేతితో చూసుకోవాలి. మొద్దుబారిన పాదానికి కాలినా తెలియదు. ఎండాకాలం మస్జిదు వాకిట్లో బండలు కాలుతుంటాయి. చెప్పులు విడిచే చోటు నుంచి లోపలిదాకా చాప పరిస్తే ఎన్నో పాదాలు బతుకుతాయి. ఈ పని కమిటీ పెద్దలు రేపే చేయగలరు, దీనికి తీర్మానం అక్కర్లేదు.

ఎర్రగా కమిలినా, వాసన వచ్చినా, పుండుతో జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఆర్‌ఎంపీ దగ్గర వారం గడిపి రావద్దు.

ఈ ఏడాది నుంచి వైద్య సాయం అర్జీ ఫారంలో రెండు గడులు కొత్తగా చేర్చాం. పుండు మొదట కనిపించిన తేదీ, డాక్టరుకు మొదట చూపించిన తేదీ. ఫారాలు బయట బల్ల మీద ఉన్నాయి. మీ ఊరికి నాలుగైదు తీసుకెళ్లండి.