కొవ్వొత్తి పట్టుకున్న అన్న
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాలుగు రోజుల క్రితం మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి ఆడపిల్లల చదువు గురించి మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. ఉపన్యాసాలు నాకు రావు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పాఠమంటే నాకు కథే. కనుక ఇవాళ ఒక పంతులమ్మ కథ, ఆమె పుట్టి పెరిగిన కుటుంబం కథ మీకు మనవి చేస్తాను. చివర మా ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పాలి. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ఆ పంతులమ్మ పేరు బేగం రొకేయా. 1880లో బెంగాల్‌లోని రంగపూర్ జిల్లా పైరాబంద్ గ్రామంలో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జమీందారు. అరబ్బీ, ఫారసీ చదివిన పండితుడు. కొడుకులిద్దరినీ కలకత్తా పంపి సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఇంగ్లీషు చదివించాడు. మరి కూతుళ్ల మాటో? ఖురాన్ ఓదడం నేర్పితే చాలు, కాస్త ఉర్దూ వస్తే ఇంకా మంచిది అనుకున్నారు. ఊరంతా మాట్లాడే బెంగాలీ మాత్రం చదవకూడదు. ఇంగ్లీషు ఊసే ఎత్తకూడదు. ఆ ఇంట్లో డబ్బుకు లోటు లేదు, పుస్తకాలకు లోటు లేదు. లోటల్లా ఆడపిల్లకు అనుమతి.

ఘోషా ఎంత కఠినంగా ఉండేదో ఆమే తర్వాత రాసుకుంది. అయిదో ఏటి నుంచి పరాయి ఆడవాళ్ల కంట కూడా పడకూడదట. గమనించండి, మగవాళ్లు కాదు, ఆడవాళ్లు! ఒకసారి బీహారు నుంచి ఇద్దరు పనిమనుషులు చుట్టపుచూపుగా వచ్చి ఇల్లంతా తిరుగుతుంటే, ఈ పసిపిల్ల అటక మీద రోజుల తరబడి దాక్కుంది. ఈడువాడైన అక్క కొడుకు హాలూ గుర్తొచ్చినప్పుడు ఇంత తిండి, ఇన్ని నీళ్లు అందించేవాడు. మరిచిపోయిన పూట పస్తే. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. ఆ అటక మీద కూర్చున్న పిల్లకు మాత్రం నవ్వు వచ్చి ఉండదు.

రొకేయాకు ఒక అక్క ఉంది. పేరు కరీమున్నిసా. తమ్ముళ్లు చదువుతుంటే విని, పెరట్లో నేల మీద పుల్లతో అక్షరాలు దిద్దుకునేది. దొంగచాటుగా బెంగాలీ చదవడం నేర్చింది. ఆ సంగతి బయటపడ్డాక బంధువులు ఊరుకోలేదు. చదువు మాన్పించి తాతగారింటికి పంపేశారు. పదిహేనేళ్లు నిండకముందే పెళ్లి చేశారు. ఇరవైమూడో ఏట భర్త పోయాడు. ఆ వితంతువు తన కొడుకులిద్దరినీ చదివించింది. పెద్దవాణ్ణి ఇంగ్లండు పంపించింది. ఆ కొడుకులే తర్వాత బెంగాల్ రాజకీయాల్లో పేరు మోసిన ఘజ్నవీ సోదరులు. అంటే నేల మీద చెరిపేసిన అక్షరాలు వృథా పోలేదన్న మాట. అరవై ఏడో ఏట ఆవిడ అరబ్బీ నేర్చుకోవడం మొదలుపెట్టిందని చెల్లెలు గర్వంగా రాసుకుంది.

అక్కకు జరిగింది చూసిన పెద్దన్న ఇబ్రహీం సాబిర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. తండ్రిని ఎదిరించి వాదించలేదు. ఇల్లు విడిచి పోలేదు. రాత్రి తండ్రి పడుకున్నాక, ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశాక, ఒక కొవ్వొత్తి వెలిగించి చిన్న చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తాను కలకత్తాలో నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెకు చెప్పాడు. అక్క దగ్గర బెంగాలీ, అన్న దగ్గర ఇంగ్లీషు. రొకేయా చదివిన స్కూలు అదే. ఏ బడి గడపా ఆమె తొక్కలేదు. ఏ పరీక్షా పాస్ కాలేదు.

పెళ్లి సంబంధం చూసింది కూడా ఆ అన్నే. వరుడు సయ్యద్ సఖావత్ హుసేన్. బీహారులోని భాగల్పూర్‌వాడు, ఉర్దూ మాట్లాడేవాడు, డిప్యూటీ మెజిస్ట్రేటు. వయసులో ఆమెకంటే చాలా పెద్ద. మొదటి భార్య చనిపోయింది, ఒక కూతురు ఉంది. ఇవాళ మనం విని ముక్కు మీద వేలేసుకునే సంబంధమే. కాని ఇబ్రహీం చూసింది వేరు. ఈ మనిషి చెల్లెలి చేతిలోని పుస్తకం లాక్కోడు అన్నది చూశాడు. ఆ అంచనా తప్పు కాలేదు. సఖావత్‌గారు భార్యచేత చదివించారు, రాయించారు. ఒకసారి ఆయన క్యాంపుకు వెళ్లినప్పుడు పొద్దుపోక ఆమె ఇంగ్లీషులో ఒక కథ రాసింది. ఆ కథలోని దేశంలో ఆడవాళ్లు సూర్యుడి వేడితో వంట చేస్తారు, మేఘాల నుంచి నీళ్లు దించుకుంటారు, రాజ్యం ఏలుతారు. మగవాళ్లు ఘోషాలో ఉంటారు! తిరిగొచ్చిన భర్త నిలబడే కథంతా చదివి, గట్టి దెబ్బే కొట్టావని మెచ్చుకుని, అచ్చుకు పంపమన్నాడు. అదే "సుల్తానాస్ డ్రీమ్".

మన తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఇక్కడ ఉంది. ఆ కథ 1905లో అచ్చయింది మద్రాసు నుంచి వచ్చే "ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపింది కమలా సత్యనాథన్ అనే తెలుగింటి ఆడపడుచు. బెంగాల్ ముస్లిం స్త్రీ రాసిన కథను తెలుగు క్రైస్తవ స్త్రీ అచ్చు వేసింది. ఒకరి కొవ్వొత్తితో ఇంకొకరు వెలిగించుకోవడం అంటే ఇదే.

ఇక కష్టాల వంతు. పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసికందులుగానే పోయారు. భర్తకు చక్కెర జబ్బు ముదిరి చూపు పోయింది. ఆమే సేవ చేసింది. 1909 మే 3న ఆయన కన్నుమూశారు. పోయే ముందే ఆడపిల్లల బడి కోసమని పదివేల రూపాయలు విడిగా ఉంచారు. ఆ రోజుల్లో పదివేలంటే మాటలు కాదు.

అయిదు నెలలు తిరక్కుండానే, 1909 అక్టోబరు 1న, ఆమె భాగల్పూర్‌లో భర్త పేరున బడి తెరిచింది. పిల్లలు అయిదుగురు. బడి ముఖం ఎరగని మనిషి కదా, అయిదుగురు పిల్లలకు ఒకే పంతులమ్మ ఒకేసారి పాఠం ఎలా చెప్పగలదన్నది మొదట్లో ఆమెకు అర్థమే కాలేదట! ట్రెయినింగు పాసై వచ్చిన నేను ఈ మాట చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మనం అన్నీ నేర్చుకున్నాక మొదలుపెడదాం అంటాం. ఆమె మొదలుపెట్టి నేర్చుకుంది.

ఇంతలో ఇంట్లోనే ఆస్తి తగాదా లేచింది. మారుటి కూతురితో, అల్లుడితో పడలేదు. బడి మూసి, భాగల్పూర్ విడిచి, కట్టుబట్టలతో అన్నట్లు కలకత్తా చేరింది. మరొకరైతే అక్కడితో సరి. ఆమె 1911 మార్చి 16న వలీవుల్లా లేన్‌లో ఒక అద్దె ఇంట్లో ఎనిమిది మంది పిల్లలతో మళ్లీ బడి పెట్టింది. నగరంలోని ఇతర బాలికా పాఠశాలలకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుని పాఠం ఎలా చెబుతారో చూసి వచ్చేది. డబ్బు దాచిన బ్యాంకు దివాలా తీసినా బడి మాత్రం ఆపలేదు.

పిల్లల్ని ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకోవాలి. ఘోషా పోదని పెద్దలకు మాట ఇవ్వాలి. అందుకని నాలుగు వైపులా మూసేసిన బండి పెట్టింది. గాలి ఆడక లోపల పిల్లలు వాంతులు చేసుకున్నారు, సొమ్మసిల్లారు. పంపమని తల్లులు కబురు చేశారు. సరేనని చెక్కలు తీసి తెరలు కట్టిస్తే, గాలికి తెర ఎగురుతోంది, ఇది ఘోషానేనా అని పెద్దమనుషులు బెదిరింపు ఉత్తరాలు రాశారు. ఊపిరి ఆడకపోతే తల్లులకు కోపం, ఊపిరి ఆడితే పెద్దలకు కోపం. ఈ రెంటి మధ్య ఆమె ఇరవై ఒక్క ఏళ్లు బడి నడిపింది. తానూ ఘోషా పాటిస్తూనే నడిపింది. 1916లో ముస్లిం స్త్రీల కోసం అంజుమనె ఖవాతీనె ఇస్లాం అనే సంఘం పెట్టి, పేద ఇళ్లకు చదువు, కుట్టుపని తీసుకెళ్లింది.

భాష విషయం కూడా ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో కలకత్తాలో పేరున్న ముస్లిం కుటుంబాలకు ఉర్దూ కావాలి, బెంగాలీ అక్కర్లేదు. బడి ఉర్దూలోనే నడిచింది. బెంగాలీ తరగతి పెడితే పిల్లలు చాలక మూతపడింది. కాని ఆమె పుస్తకాలన్నీ దాదాపు బెంగాలీలోనే రాసింది. భాగల్పూర్‌లో, కలకత్తాలో ఇంటా బయటా ఉర్దూయే అయినా, బెంగాలీ మరిచిపోకుండా నిలిపింది అక్కేనని, "మోతీచూర్" రెండో భాగాన్ని ఆ అక్కకే అంకితమిచ్చింది. "పద్మరాగ్" నవలను కొవ్వొత్తి పట్టిన అన్నకు అంకితమిచ్చింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనకు ఈ బాధ ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

1932 డిసెంబరు 9న ఆమె కన్నుమూసింది. ముందు రోజు రాత్రి దాకా స్త్రీల హక్కుల మీద వ్యాసం రాస్తూనే ఉంది. అది సగంలో ఆగింది. బడి ఆగలేదు. సఖావత్ మెమోరియల్ ప్రభుత్వ బాలికోన్నత పాఠశాల అన్న పేరుతో కలకత్తాలో ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇక మా ఇంటి సంగతి. మా అబ్బాజాన్‌కు ఊళ్లో చిన్న బట్టల కొట్టు. నేనూ, నాకంటే మూడేళ్లు పెద్దదైన మా ఆపా ఒకే బడికి వెళ్లాం. అయిదో తరగతి అయ్యాక ఆపాను మాన్పించారు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది, రెండు మైళ్లు నడవాలి, నలుగురూ ఏమంటారు అన్నారు. నేను చదువుకున్నాను. రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని ఎక్కాలు వల్లె వేస్తుంటే, ఆపా వంటింట్లో గిన్నెలు తోముతూ వినేది. పదిహేడో ఎక్కం దగ్గర నేను తడబడితే లోపలినుంచి అందించేది. పుస్తకం లేకుండా, పలక లేకుండా ఇరవయ్యో ఎక్కం దాకా ఆవిడకు నాకంటే ముందు వచ్చింది.

నేను ఏం చేశాను? నవ్వాను. "ఆపా నాకంటే బాగా చెబుతుంది" అని అమ్మీతో గొప్పగా చెప్పాను. అంతే. లాంతరు నా దగ్గరే ఉంది. పుస్తకం నా దగ్గరే ఉంది. అబ్బాజాన్ నిద్రపోయేవారు కూడా. కాస్త ఇలా వచ్చి కూర్చో ఆపా అని పిలవడానికి నాకు పైసా ఖర్చు లేదు. పిలవాలని తోచలేదు. ఆ తర్వాత వందలాదిమంది పరాయి పిల్లలకు చదువు చెప్పి, మంచి మాస్టారని పేరు తెచ్చుకున్నాను. మొదటి విద్యార్థిని మాత్రం వంటింట్లో వదిలేశాను.

ఆపా పిల్లలు నలుగురూ చదువుకున్నారు. ఎక్కాలు ఎవరు నేర్పారని అడిగితే, "అమ్మీ" అంటారు. మొన్న ఇబ్రహీం సాబిర్ కథ ఆపాకు చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "నువ్వప్పుడు చిన్నవాడివిలేరా" అంది. ఆవిడ క్షమించింది. నేను నన్ను క్షమించుకోలేదు కనుక ఈ మాట నలుగురిలో చెబుతున్నాను.

అయ్యా, అమ్మా, మన సంఘం ఏటా ఆడపిల్లలకు నోటు పుస్తకాలు, ఫీజులు ఇస్తోంది. సంతోషం. ఇంకా ఇవ్వాలి. కాని ఆడపిల్ల చదువు ముందు సంఘం దగ్గర ఆగదు, ఇంటి గడప దగ్గర ఆగుతుంది. రొకేయా కథలో తండ్రి దుర్మార్గుడు కాడు, నలుగురికి వెరచిన మనిషి. అటువంటి తండ్రులు అన్ని ఇళ్లల్లోనూ ఉంటారు. అన్నలే కరువు.

అందుకని ఇక్కడున్న కుర్రవాళ్లకు ఒక్క హోంవర్కు ఇస్తాను. ఇవాళ ఇంటికి వెళ్లాక చూడండి. మీరు చదువుతున్నప్పుడు పక్క గదిలో ఎవరైనా వింటున్నారేమో కనుక్కోండి. చెల్లెలు కావచ్చు, వదిన కావచ్చు, అమ్మీయే కావచ్చు. ఉంటే, పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. వచ్చే ఏడు ఈ సభలో ఎవరెవరు పిలిచారో నేను లెక్క అడుగుతాను. మాస్టారి అలవాటు, ఏమీ అనుకోవద్దు.