చదివింది నలుగురికీ చెప్పండి

(చదువరుల సమావేశంలో చేసిన ప్రసంగం)



అక్షరాలు నేర్చుకోవడం ఒక ఎత్తు. నేర్చుకున్న అక్షరాలను నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. వాడని కొడవలి తుప్పు పడుతుంది. వాడని చదువూ అంతే. రోజూ కాస్త చదవకపోతే ఒత్తులు, గుణింతాలు మెల్లగా జారిపోతాయి. బస్సు మీద ఊరి పేరు చదవమని మళ్ళీ పక్కవాళ్ళను అడగాల్సి వస్తుంది.

మరి చదవడానికి ఏముంది? చాలా ఊళ్ళలో పుస్తకాలు ఉన్నాయి. బడిలో ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. కొందరి ఇళ్ళలో అటక మీద ఉన్నాయి. ఉన్నాయి గానీ కదలవు. ఎందుకని? ఏ పుస్తకంలో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. అట్ట చూస్తే ఏం తెలుస్తుంది? కొత్తగా చదువు నేర్చిన మనిషికి పుస్తకం తెరవాలంటేనే బెరుకు. "ఇది నాకు అర్థమవుతుందా? మధ్యలో ఆగిపోతే నవ్వుతారేమో!" అనిపిస్తుంది.

రైతు కొత్త విత్తనం వేసే ముందు ఏం చేస్తాడు? పక్క చేను ఆయన్ని అడుగుతాడు. "పోయినేడు ఏం వేశావు? ఎంత పండింది? పురుగు పట్టిందా?" అని అడుగుతాడు. పక్కింటి వదిన చెబితేనే ఇల్లాలు కొత్త దుకాణంలో బియ్యం కొంటుంది. పుస్తకం సంగతీ ఇంతే. చదివిన మనిషి నోటితో చెప్పాలి. అప్పుడే ఆ పుస్తకం ఇంకో చేతిలోకి పోతుంది.

ఒకరు చదివితే పదిమంది వినేవారు

ఇది కొత్త పద్ధతేమీ కాదు. వెనకటి రోజుల్లో చదువు వచ్చినవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవారు. రాత్రి అన్నాలు తిన్నాక అరుగు మీద దీపం పెట్టి భారతమో రామాయణమో చదివేవారు. మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని వినేవారు. మధ్యలో ఆపి, "ధర్మరాజు అట్లా జూదం ఆడొచ్చా?" అని వాదించుకునేవారు. టీ కొట్టు దగ్గరా అదే జరిగేది. ఒకరు పేపరు చదివితే పదిమంది వినేవారు. విన్నవాళ్ళు ఇంటికి పోయి ఇంకో నలుగురికి చెప్పేవారు.

ఇప్పుడు చదువు వచ్చినవాళ్ళు పెరిగారు. కానీ ఎవరి చదువు వారిది అయిపోయింది. చదివింది మనసులోనే ఉండిపోతోంది.

సంచిలో పుస్తకాలు, పడవలో పుస్తకాలు

పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకుపోవడానికి మన పెద్దలు చాలా కష్టపడ్డారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారి పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. పేదరికం వల్ల చిన్నప్పుడే ఇళ్ళలో వంట పని చేశారు. హోటలులో పని చేశారు. పని చేస్తూనే చదువుకున్నారు. అప్పుడు తెలంగాణ నిజాం పాలనలో ఉంది. తెలుగు పుస్తకం దొరకడమే కష్టంగా ఉండేది. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే పేరుతో తెలుగు పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. అచ్చు వేసి ఊరుకోలేదు. పుస్తకాలు సంచిలో పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. మనిషిని కలిసి, మాట కలిపి, పుస్తకం చేతిలో పెట్టారు.

ఇటు గుంటూరు జిల్లాలో 1935లో పెదవడ్లపూడికీ కొల్లిపరకూ మధ్య కాలువలో ఒక పడవ నడిచింది. అది పుస్తకాల పడవ. గ్రంథాలయోద్యమంలో పని చేసిన పాతూరి నాగభూషణం గారు దాని కోసం పాటుపడ్డారు. కాలువ గట్టున ఉన్న ఊళ్ళ దగ్గరికి పుస్తకాలే వెళ్ళాయి.

ఇప్పుడు సంచీలు, పడవలు కావాలా? ఊరిలో చదివినవాళ్ళు నోరు విప్పితే చాలు. సగం పని అయినట్టే.

దూబగుంటలో ఏం జరిగింది?

చదివింది నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే ఎంత దూరం పోతుందో నెల్లూరు జిల్లా చూపించింది. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం జరిగింది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట కేంద్రాలకు వచ్చి అక్షరాలు దిద్దారు. వాళ్ళ పాఠాల్లో ఒకటి సీతమ్మ కథ. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ అది.

ఆ కథ ఒక్కొక్కరూ ఇంట్లో చదువుకుని పుస్తకం మూసేసి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కానీ వాళ్ళు కలిసి చదివారు. చదివి మాట్లాడుకున్నారు. తాము రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చిన కూలి డబ్బు సారా కొట్టుకు పోతోంది. ఇంటికి వస్తే తిట్లు, తన్నులు. ఇది సీతమ్మ ఒక్కదాని కథ కాదు, మన అందరి కథ అని తెలిసింది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి వెళ్ళి ఊరిలో సారా అమ్మకం ఆపించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారిని "దూబగుంట రోశమ్మ" అని రాష్ట్రమంతా పిలిచింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దూబగుంట ఆడవాళ్ళు చేసిన పని మళ్ళీ ఒక పాఠమైంది. "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పేరుతో అది తర్వాతి వాచకంలోకి ఎక్కింది. మిగతా ఊళ్ళ ఆడవాళ్ళు అది చదివారు. "వాళ్ళు చేయగా లేంది మనం చేయలేమా?" అనుకున్నారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. సారా పాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. అది వేరే కథ. అది కూడా చదివి తెలుసుకోవలసిందే.

పాఠం చదివి, దాని గురించి మాట్లాడుకుని, పని చేశారు. ఆ పని ఇంకో ఊరికి పాఠం అయింది. చదివింది చెప్పుకోవడం అంటే ఇదీ.

ఎట్లా చెప్పాలి?

వారానికి ఒక రోజు పెట్టుకోవచ్చు. రచ్చబండ దగ్గరైనా సరే, బడి వరండా అయినా సరే. సంఘం మీటింగు అయిపోయాక అరగంట అయినా సరే. ఒక్కొక్కరూ తాము ఇప్పుడు చదువుతున్న పుస్తకం తెచ్చుకోవాలి. పూర్తి చేయకపోయినా ఫరవాలేదు. సగం చదివినవాళ్ళూ చెప్పొచ్చు. రెండు పేజీలు చదివినవాళ్ళూ చెప్పొచ్చు.

"పుస్తకం బాగుందక్కా, నువ్వు కూడా చదువు" అంటే చాలదు. ఏం బాగుంది? ఎవరికి బాగుంది? నాలుగు సంగతులు చెప్పాలి.

ఒకటి, పుస్తకం పేరు, రాసినవారి పేరు.
రెండు, దేని గురించి రాశారు.
మూడు, అక్షరాలు పెద్దవా చిన్నవా, పేజీలు ఎన్ని, మాటలు తేలికా కష్టమా.
నాలుగు, ఇది ఎవరికి పనికొస్తుంది.

పాముకాటు గురించిన చిన్న పుస్తకం ఒకరు చదివారనుకుందాం. ఇట్లా చెప్పొచ్చు: "దీంట్లో ఇరవై పేజీలే. అక్షరాలు పెద్దవి. పాము కరిస్తే కాటు దగ్గర కోయకూడదంట. నోటితో రక్తం పీల్చకూడదంట. తాడుతో బిగించి కట్టకూడదంట. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలంట. విషానికి విరుగుడు సూది అక్కడే ఉంటుందంట. రాత్రిపూట పొలానికి నీళ్ళు కట్టడానికి పోయేవాళ్ళు ఇది తప్పక చదవాల." ఈ మాట విన్నాక ఆ పుస్తకం కోసం ఎవరు చెయ్యి చాపరు?

కథల పుస్తకం అయితే పద్ధతి వేరు. గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" కథ ఉంది. 1910లో అచ్చయింది. వందేళ్ళు దాటింది. అయినా మాటలు మనుషులు మాట్లాడుకునేటట్టే ఉంటాయి. అందులో ఒక భర్త రాత్రి పొద్దుపోయాక ఇంటికి వస్తాడు. ఇంట్లో భార్య కనపడదు. ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనపడుతుంది. భార్యకు చదువు వచ్చు మరి! ఆ ఉత్తరంలో ఏముంది? తర్వాత ఏమయింది? అది మాత్రం చెప్పకూడదు. కథను నోరూరేదాకా చెప్పి ఆపాలి. మిగతాది వాళ్ళే చదువుకుంటారు.

ఏదైనా ఒక పేజీ పైకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది. చదివేవాళ్ళకు అలవాటు అవుతుంది. వినేవాళ్ళకు ధైర్యం వస్తుంది. మధ్యలో ఎవరైనా తడబడితే నవ్వకూడదు. పక్కనున్నవాళ్ళు మెల్లగా మాట అందించాలి.

లెక్కలు మాత్రం పుస్తకం చూసే చెప్పండి

ఒక జాగ్రత్త ఉంది. కథ చెప్పేటప్పుడు ఒక మాట అటూ ఇటూ అయినా నష్టం లేదు. మందుల సంగతి, ఎరువుల సంగతి, అప్పు వడ్డీ సంగతి అట్లా కాదు. బిడ్డకు నీళ్ళ విరేచనాలు అయితే ఇంట్లో కలిపి ఇచ్చే ఉప్పు, చక్కెర నీళ్ళ లెక్క ఇదీ: లీటరు శుభ్రమైన నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు. చెంచా నిండుగా పోయకూడదు, అంచుకు సమంగా ఉండాలి. ఎవరైనా గుర్తు తప్పి "ఉప్పు ఆరు చెంచాలు" అని చెబితే? బిడ్డ ప్రాణానికే ముప్పు. అందుకని అంకెలు ఉన్నచోట పుస్తకం తెరవాలి. వేలు పెట్టి చదివి వినిపించాలి. విన్నవాళ్ళు కాగితం మీద రాసుకోవాలి. రాయడం నేర్చుకుంది ఇందుకే కదా!

అచ్చులో ఉన్నదంతా నిజం అని కూడా అనుకోవద్దు. అబద్ధాన్నీ అచ్చు వేయొచ్చు. ఫోనులో వచ్చేదీ అంతే. "ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్ళకు ఎట్లా తెలుసు?" అని నలుగురూ కలిసి అడగాలి. ఒక్కరే చదివితే నమ్మి మోసపోవచ్చు. నలుగురు చదివితే ఒకరికైనా అనుమానం వస్తుంది. మందు విషయం అయితే డాక్టరును అడగాలి. పురుగుమందు విషయం అయితే వ్యవసాయ అధికారిని అడగాలి.

నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు

పుస్తకం నచ్చి తీరాలని ఏమీ లేదు. "నాకు ఇది బాగాలేదు, ఆడదాన్ని తక్కువ చేసి రాశారు" అని ఒక అక్క అనొచ్చు. "అట్లా కాదు వదినా, ఆ రోజులు అట్లా ఉన్నాయని చూపించారు" అని ఇంకొకరు అనొచ్చు. ఇద్దరూ మళ్ళీ పుస్తకం తెరిచి చూస్తారు. అది గొడవ కాదు. అసలు చదువు అక్కడే ఉంది.

అందరికీ ఒకే పుస్తకం నచ్చదు. ఒకరికి దేవుడి కథలు కావాలి. ఒకరికి కోళ్ళ పెంపకం కావాలి. ఒకరికి పాటలు కావాలి. చిన్నపిల్లల పుస్తకాలు చదవడానికి పెద్దవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. 1947లో మొదలైన చందమామ పత్రిక ఇప్పుడు రావడం లేదు. కానీ పాత సంచికలు చాలా ఇళ్ళలో దాచి ఉన్నాయి. పెద్ద బొమ్మలు, చిన్న కథలు. కొత్తగా చదివేవాళ్ళకు అవి మంచి తోడు. మనవరాలితో కలిసి చదివితే ఇద్దరికీ చదువే.

పుస్తకం తిరిగి రావాలి

పుస్తకాలు చేతులు మారేటప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. తేదీ, పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, సంతకం. తిరిగి ఇచ్చినప్పుడు మళ్ళీ తేదీ. దాని పక్కనే ఒక గడి వదలాలి. చదివినవాళ్ళు అందులో ఒక్క వాక్యం రాయాలి. "చేపల చెరువు వేసేవాళ్ళకు మంచిది" అని రాయొచ్చు. "చివర ఏడుపు వచ్చింది" అని రాయొచ్చు. తర్వాత వచ్చేవాళ్ళు ఆ వాక్యం చూసి పుస్తకం ఎంచుకుంటారు. పోగా పోగా ఆ నోటుపుస్తకమే ఊరికి ఒక మంచి పుస్తకం అవుతుంది.

మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడికీ వెళ్ళాలి. కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. అంటే అక్కడి పుస్తకాల్లో మీ డబ్బు ఉంది. జంకు లేకుండా లోపలికి వెళ్ళి అడగండి.

అక్కలారా, అన్నలారా! అన్నం ఒక్కరే తింటే ఒక్కరి ఆకలే తీరుతుంది. చదువు అట్లా కాదు. చెప్పినకొద్దీ పెరుగుతుంది, చెప్పినవాళ్ళకూ విన్నవాళ్ళకూ కూడా. ఈ వారం ఏదో ఒకటి చదవండి. నాలుగు పేజీలైనా చాలు. వచ్చే వారం వచ్చి నలుగురికీ చెప్పండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరిలో పుస్తకాలు ఎక్కడెక్కడ ఉన్నాయి? తాళం ఎవరి దగ్గర ఉంది?
2. దూబగుంట ఆడవాళ్ళు పాఠాన్ని విడివిడిగా చదివి ఉంటే ఏమయ్యేది?
3. మీరు ఇప్పుడు ఏం చదువుతున్నారు? అది ఎవరికి పనికొస్తుంది? ఒక్క వాక్యం రాయండి.