అడ్వాన్సు అను మాట



ఇంగ్లీషు మాటలు మన పల్లెలకు క్రొత్తవి కావు. ఇతర ప్రాంతములవారు తోతాపురి అని పిలుచు మామిడిని నూజివీటి రైతు కలెక్టరు కాయ అనును. కచేరీలో కూర్చుండవలసిన కలెక్టరు బంగినపల్లి, రసాల ప్రక్కన కొమ్మకు వ్రేలాడినందువలన ఎవరికిని నష్టము లేదు. కాని ఆ తోటలలోనే వినవచ్చు ఇంగ్లీషు మాట మరియొకటి ఉన్నది: అడ్వాన్సు. దాని వెనుక సొమ్మున్నది. సొమ్ము వెనుక తగవు పొంచియున్నది. కనుక దాని అర్థమును కొంచెము విచారింతము.

లాటినులో ‘ముందునుండి’ అను అర్థము గల మాట ఫ్రెంచిలో ‘ముందునకు నడచుట’గా మారి, అక్కడనుండి ఇంగ్లీషునకు వచ్చినది. మొదట దానిలో ‘డ’కారము లేదు. 16వ శతాబ్దమున దాని పుట్టుకను పొరబడి ఆ అక్షరమును చేర్చిరి. అక్షరము పెరిగినను అర్థము చెడలేదు. సొమ్ము విషయమున అడ్వాన్సు అనగా గడువునకు ముందుగా ఇచ్చినది, అంతే. ఎందులకు ఇచ్చిరి, తిరిగి రావలెనా వద్దా అను సంగతిని ఆ మాట చెప్పదు.

మామిడితోటలో ఈ ఒక్క మాటకు ఎన్ని వేషములో చూడుడు. పూత చూచి తోటను గుత్తకు తీసికొను వర్తకుడు వెలలో కొంత భాగమును ముందుగా చెల్లించును, అది అడ్వాన్సు. బేరము కుదిరినదనుటకు గుర్తుగా, మాట తప్పినచో వదలుకొనుటకు ఒప్పుకొని ఇచ్చునది వేరు. దానిని మన పెద్దలు సంచకారమనిరి. బయానా అనియు అందురు. ఇంగ్లీషున దానికి ఎర్నెస్టు మనీ అని ప్రత్యేకముగా పేరున్నది. పంట తన మండీకే రావలెనని కమీషను వర్తకుడు రైతునకు ముందుగా ఇచ్చునది మూడవది. బ్యాంకులవారు సైతము అప్పులను అడ్వాన్సులందురు గనుక ఆ వాడుక తప్పు కాదు. అయినను అది అప్పే, తీర్చవలసినదే. ఇక పట్టణములో ఇల్లు అద్దెకు తీసికొనునప్పుడు, ఖాళీ చేసిననాడు తిరిగి పొందు షరతుతో యజమాని చేతిలో ఉంచు సొమ్మును కూడ అడ్వాన్సే అనుచున్నాము. దానికి తగిన మాట డిపాజిట్టు.

ఈ భేదము నిఘంటువునకే పరిమితము కాదు. 5 లక్షల రూపాయలకు ఒక తోట బేరమైనదనుకొందము. వర్తకుడు 50,000 రూపాయలు అడ్వాన్సు అని ఇచ్చెను. కోతకు ముందు ఈదురుగాలి వీచి కాయ రాలినది. వర్తకుడు మరి రాలేదు. ‘మీరు మాట తప్పారు, ఇక ఈ సొమ్ము నాదేనండి’ అని తోట యజమాని అనును. ‘నేనిచ్చింది అడ్వాన్సే గదండీ, తిప్పి ఇవ్వండి’ అని వర్తకుడు అనును. ఇద్దరును ఒకే మాటను సాక్ష్యమునకు పిలుచుచున్నారు!

విమానముల తుక్కు అమ్మకమునకు సంబంధించిన ఒక వ్యాజ్యమున 1969లో సుప్రీంకోర్టు సంచకార లక్షణములను వివరించెను. అది ఒప్పందము జరుగునప్పుడు హామీగా ఇచ్చునది. బేరము నెరవేరినచో వెలలో కలియును. కొనువాని దోషమున చెడినచో అతనికి దక్కదు. 2012లో ఆ న్యాయస్థానమే మరల, వెలలో భాగముగా మాత్రమే ఇచ్చిన సొమ్మును అమ్మువాడు జప్తు చేసికొనరాదనియు, సంచకారమైనచో ఆ సంగతి షరతులలో స్పష్టముగా ఉండవలెననియు చెప్పెను. అనగా సొమ్మునకు పెట్టిన పేరు కంటె షరతులును, ఉభయుల ఉద్దేశమును ముఖ్యములు.

నిత్యవ్యవహారమున మరి రెండు మూడు జాగ్రత్తలు. ‘ముందుగా అడ్వాన్సు ఇచ్చితిని’ అన్నచో ‘ముందు’ రెండు మారులు వచ్చినది. పుట్టినరోజు రాకమునుపే ‘అడ్వాన్సు హ్యాపీ బర్త్‌డే’ అను యువకులు ‘హ్యాపీ బర్త్‌డే ఇన్ అడ్వాన్స్’ అన్నచో అది ఇంగ్లీషు నుడికారము. రైలు టిక్కెట్టును ముందుగా కొనుట అడ్వాన్సు బుకింగు; అడ్వాన్స్‌డ్ బుకింగు కాదు. అడ్వాన్స్‌డ్ అనగా పై స్థాయికి చెందినది. ఐ.ఐ.టి. ప్రవేశమునకై మన పిల్లలు వ్రాయు జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్షకు ఆ పేరు అందుకే తగియున్నది.

తోటలు గలవారికి ఒక మనవి. రసీదుపై అడ్వాన్సు అని ఒక్క మాట వ్రాసి ఊరకుండవద్దు. దాని క్రింద రెండు తెలుగు వాక్యములు చేర్చుడు. ఈ సొమ్ము వెలలో కలియునా? బేరము చెడినచో ఎవరికి చెందును? తిరిగి ఇచ్చుటయే అయినచో ఎన్నటికి ఇయ్యవలెను? గాలికి కాయ రాలినచో నష్టమెవరిది? వీనికి సమాధానములు పూతనాడే వ్రాసికొన్నచో, కోతనాడు వకీలు గుమ్మమెక్కు పని చాలవరకు తప్పును.