కోళ్లలో రక్త పారుడు - నివారణకు కొత్త పద్ధతులు
(మచ్చ బొల్లారంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో ఇంటి వెనుక పది కోళ్లు పెంచుకునే వారున్నారు. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫారాలు పెట్టుకున్న పిల్లలు గల వారూ ఉన్నారు. పశువైద్యంలో పనిచేసిన వాడిని గనుక, వానలు పడగానే అందరూ నన్ను అడిగేది ఒక్కటే: "పిల్లలు రక్తం పారుతున్నాయి, ఏ మందు వేయమంటారు?"

దీనినే కాక్సీడియోసిస్ అంటారు. కారణం ఐమీరియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి. ఇది మలేరియా క్రిమికి దూరపు చుట్టం. 1897లో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమలో కనుగొన్నారు. ఐమీరియాకు దోమతో పనిలేదు, తడిసిన ఊక చాలు. రెట్టలో పడిన దాని గుడ్లు వెంటనే రోగం కలిగించవు. తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పదునెక్కుతాయి. కోడిపిల్ల వాటిని ఏరుకు తింటే పేగు పుండ్లు పడుతుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు ప్రమాదం ఎక్కువ. మామూలు ఫినాయిల్‌కు ఆ గుడ్లు చావవు.

1940ల నుంచి సల్ఫా మందులు, 1960 ప్రాంతంలో ఆంప్రోలియం, 1971లో మోనెన్సిన్ వచ్చాయి. ఒకే మందు ఏళ్ల తరబడి దాణాలో కలిపితే క్రిమి దానికి అలవాటు పడిపోతుంది. అందుకే నేడు మందులను మార్చి మార్చి వాడుతున్నారు.

రెండవ మార్గం టీకా. 1952లోనే అమెరికాలో ఇది మొదలైంది. తర్వాత బలహీనపరచిన క్రిములతో టీకాలు వచ్చాయి. ఒకరోజు పిల్లలపై పిచికారీ చేస్తారు. కొద్దిపాటి క్రిమి లోపలికి పోయి, రెట్ట ద్వారా రెండు మూడు సార్లు తిరిగి అందితేనే రోగనిరోధక శక్తి గట్టిపడుతుంది. కనుక టీకా వేసిన పిల్లలకు దాణాలో ఈ మందు కలపరాదు. కలిపితే టీకా డబ్బు వృథా.

మరొక విషయం. ఆంప్రోలియం, క్రిమికి విటమిన్ బి1 అందకుండా చేసి చంపుతుంది. నీరసంగా ఉన్నాయని అదే సమయంలో బి-కాంప్లెక్స్ టానిక్ పోస్తే మందు బలం తగ్గుతుంది. చికిత్స ముగిశాక ఇవ్వండి.

పసుపు, వెల్లుల్లి వంటి వాటిపై పరిశోధనలు జరుగుతున్నాయి. అవి సాయపడవచ్చుగాని, రక్తం పారే పిల్లకు మందుకు బదులు కావు.

కొత్త పద్ధతులన్నిటి సారం ఒక్కటే. క్రిమిని పూర్తిగా లేకుండా చేయడం మన తరం కాదు. అది పెరగకుండా చూస్తూ, పిల్లకు తట్టుకునే శక్తి వచ్చేదాకా కాపాడాలి. నీళ్ల తొట్టి కారనివ్వకండి. తడిసిన ఊకను ఆ రోజే తీసేయండి, మిగిలినది తిరగేసి ఆరబెట్టండి. పిల్లలను పెద్ద కోళ్లతో కలపకండి. రక్తపు రెట్ట కనిపిస్తే ఆ పూటే పశువైద్యునికి చూపించండి, మర్నాటికి వాయిదా వేస్తే సగం పిల్లలు మిగలకపోవచ్చు.