క్రిస్మస్ సెలవులకు ఇంటికి ఏ గ్యాడ్జెట్ తీసుకెళ్లాలి?

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న పదే పదే వస్తుంది. "అన్నా, క్రిస్మస్ సెలవులకి ఊరెళ్తున్నాను, ఇంట్లోవాళ్లకి ఏ గ్యాడ్జెట్ తీసుకెళ్లమంటావ్?" అని. ఈసారి అన్‌బాక్సింగ్ లేదు. చూస్తున్నారుగా, టేబుల్ మీద ఒక్క డబ్బా కూడా లేదు. పోయినేడాది, అంటే 2024 క్రిస్మస్‌కి, నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. అది విన్నాక ఏం కొనాలో మీరే తేల్చుకోండి.

ముందు ప్రయాణం సంగతి రెండు ముక్కల్లో. రైలు అడ్వాన్స్ రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. అంటే డిసెంబర్ 23 ప్రయాణానికి అక్టోబర్ 24 పొద్దున్న 8 గంటలకే ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సింది. ఆ రోజు నిద్రపోయినవాళ్లకి ఇప్పుడు తత్కాలే దిక్కు. ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి. వైజాగ్ దాకా ఫ్లైట్‌లో వెళ్లేవాళ్లు పవర్ బ్యాంక్‌ని చెక్-ఇన్ బ్యాగులో పెట్టకండి, చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది అయితే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు. 100 దాటలేదు కాబట్టి ప్రత్యేకంగా పర్మిషన్ అక్కర్లేదు.

సరే, కథలోకి వద్దాం. మాది పొందూరు, శ్రీకాకుళం జిల్లా. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి, తెల్లారేసరికి ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఇంటికి. డిసెంబర్ 24. మంచు. మా వీధిలో ఎదురింటివాళ్ల డాబా మీద కాగితం నక్షత్రం ఇంకా వెలుగుతోంది. నా బ్యాగులో నాన్నకి బ్లూటూత్ స్పీకర్, అమ్మకి ఇయర్ బడ్స్, మామ్మకి స్మార్ట్‌వాచీ. గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్, నిద్ర, నడక, అన్నీ చూపిస్తుంది. అన్నిటికన్నా ఖరీదైనది అదే. కొన్నప్పుడు నా మీద నాకే ముచ్చటేసింది.

మా మామ్మ ఖాదీ నూలు వడుకుతుంది. పొందూరు ఖాదీ పేరు వినే ఉంటారు. గాంధీగారు ఈ పని ఎలా చేస్తారో చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని మా ఊరికి పంపించారు. ఇక్కడి సన్న నూలు 100 కౌంటు. బీటెక్ బుర్రతో నేను వేసిన లెక్క చెప్తాను. ఒక కౌంటు అంటే పౌను దూదికి 840 గజాల దారం. 100 కౌంటు అంటే 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా లేని దూదితో పొందూరు నుంచి విజయనగరం దాకా దారం పరిచినా ఇంకా మిగులుతుంది. ఇదంతా ఒంటి కదురు రాట్నం మీద, వేళ్ల మధ్య నుంచి రావాలి.

దానికి ముందు పని ఇంకా ఉంది. మా ఇంట్లో అన్నిటికన్నా పాత గ్యాడ్జెట్ వాలుగ చేప దవడ. ఎముక ముక్క, దాని మీద సన్నటి పళ్లు. గింజ తీయకముందే పత్తిని దాంతో దువ్వుతారు. పోగులు వరసకొస్తాయి, నలుసు పోతుంది. తర్వాత కడ్డీతో గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఏకులు చుట్టడం, అవి పాడవకుండా అరటి దొప్పలో దాచడం. అప్పుడు రాట్నం. అన్నీ కూర్చునే చేసే పనులు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

క్రిస్మస్ రోజు పొద్దున్న మామ్మ ఎడమ చేతికి వాచీ కట్టాను. ఎదురింటివాళ్లు పంపిన కేకు ఓ ముక్క తిని రాట్నం ముందు కూర్చుంది. గంట తర్వాత వాచీ బుర్రుమంది.

"ఏట్రా బాబూ, ఇది మణికట్టు మీద తేలులాగ కదుల్తంది?"

"చాలాసేపటి నుంచి ఖాళీగా ఉన్నావట మామ్మా. లేచి కాస్త నడవమంటోంది."

మామ్మ రాట్నం ఆపింది. "నాను పని సేత్తంటే కాలీగా కూకున్నానంటాదేటి? దీనికి కళ్లు లేవేటి?"

ఇల్లంతా నవ్వాం. సాయంత్రానికి ఆ వాచీ లెక్క 600 అడుగులు చిల్లర. తెల్లవారుజాము నుంచి పనిచేసిన మనిషికి వాచీ ఇచ్చిన సర్టిఫికెట్ అది: బద్ధకం.

నాలో ఇంజనీర్ ఊరుకుంటాడా? మర్నాడు వాచీని కుడి చేతికి మార్చాను. చక్రం తిప్పేది కుడి చెయ్యి. అంతే, మధ్యాహ్నానికే వేలకి వేల అడుగులు, అభినందనలు, బాణాసంచా బొమ్మ! ఎందుకంటే లోపలున్న యాక్సిలరోమీటర్‌కి నడక అంటే ఏమిటో తెలీదు. చెయ్యి ఒక లయలో ఊగితే అడుగు అనుకుంటుంది. చక్రం తిప్పిన చెయ్యి దానికి నడిచిన మనిషి. అసలు విద్యంతా ఎడమ చేతిలో ఉంది. ఏకుని పట్టుకుని, తెగకుండా, లావవకుండా, మెల్లగా వెనక్కి లాగే చెయ్యి అది. అది దాదాపు కదలనట్టే ఉంటుంది. వాచీకి ఆ చెయ్యి ఖాళీగా ఉన్నట్టే లెక్క.

దీని మీద మంచి వీడియో అవుతుందనుకున్నాను. అడుగులు లెక్కపెడుతూ మామ్మ పక్కనే మూడు గంటలు కూర్చున్నాను. చదువు కోసం ఊరు దాటాక అంతసేపు ఆవిడ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

అప్పుడు కనిపించాయి కొన్ని. దారం తెగుతోంది. తెగడం మామూలే. కానీ తెగిన కొస దొరక్క మామ్మ కదురు చుట్టూ వేళ్లతో తడుముతోంది. ఒళ్లో నల్ల గుడ్డ పరుచుకుంది. దుమ్ము పడకుండా అనుకున్నాను. కాదు, తెల్ల చీర మీద తెల్ల దారం కనబడక. రాట్నం కూడా పాత చోట లేదు, గుమ్మం పక్కకి జరిగింది, వెలుతురు కోసం.

"మామ్మా, కళ్లు కనిపించట్లేదా?"

కాసేపు పలకలేదు. "మసగ్గా ఉంటందిరా. పోయిన సంకురాత్రి కాణ్ణుంచి."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే రాట్నం ఎత్తి అటక మీదెట్టేత్తారని సెప్పనేదు."

నూలుకి కూలి చిలపల లెక్కన, కౌంటు బట్టి. దారం లావైతే కూలి తగ్గుతుంది. ఏడాదిగా ఆవిడ కూలి తగ్గుతోంది. ఇంట్లో మేమంతా "వయసైపోయింది, ఇంక చాల్లే" అనుకున్నాం. మర్నాడు శ్రీకాకుళంలో కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కళ్లకీ శుక్లాలు. ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్లో ఒకటి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు ఇదివరకంత వడకదు, చేతుల్లో ఆ సత్తువ లేదు. కానీ కొస తెగితే ఒక్కసారికే పట్టుకుంటుంది. నల్ల గుడ్డ తీసేసింది.

వాచీ ఇప్పుడు నాన్న చేతికుంది. మామ్మ వాడుతున్నది, ఆ రోజు డాక్టర్ దగ్గర నుంచి వస్తూ కొన్న ఛార్జింగ్ లైట్. బల్ల అంచుకి క్లిప్ పెట్టుకునే రకం. వాచీ ధరలో పదో వంతు లేదు. ఎటు పెట్టాలో కూడా తనే చెప్పింది: ఎడమ పక్క, కదురు మీద నీడ పడకుండా.

కాబట్టి నా సలహా. ఒకటి, ముందు కొని తీసుకెళ్లకండి. ఖాళీ చేతుల్తో వెళ్లి, ఒక పూట వాళ్లు పనిచేసే చోట పక్కన కూర్చోండి. దేనికి తడుముకుంటున్నారో చూసి అప్పుడు కొనండి. రెండు, కొన్నాక డబ్బా ఇచ్చి రైలెక్కెయ్యకండి. భాష తెలుగులో పెట్టండి, అక్షరాలు పెద్దవి చేయండి, కాంటాక్టులకి ఫొటోలు పెట్టండి, ఛార్జర్‌కి ఒక చోటు చూపించండి. వాళ్లు మీ ముందు రెండుసార్లు సొంతంగా వాడాకే బయల్దేరండి. మూడు, వాచీ ఆరోగ్యం చూస్తుందని కళ్లూ చెవులూ చూపించడం మానకండి. ఆ వాచీ మామ్మ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో రెండు రోజులు చెప్పింది. కళ్ల సంగతి దానికి తెలీదు. ఏడాదిగా నాకూ తెలీదు.

ఈ నెల 23న మళ్లీ ఫలక్‌నుమా. టికెట్ కన్ఫర్మ్ అయింది. బ్యాగులో ఈసారి బట్టలే. హ్యాపీ క్రిస్మస్ అండీ. ఊరెళ్లేవాళ్లు జాగ్రత్తగా వెళ్లి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.